తీరం జరగడానికి చోటుందా?

(బ్లాక్‌టౌన్‌లోని తెలుగు కుటుంబాల కోసం కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం మనం సముద్రతీరం గురించి, అక్కడ బతికే జీవాల గురించి మాట్లాడుకుందాం. ముందుగా ఒక ప్రశ్న. "భూమి వేడెక్కుతోందంటే మంచుదేశాల ప్రాణులకు కష్టం గానీ, ఆంధ్రా తీరంలోనో క్వీన్స్‌లాండ్‌లోనో ఉండేవాటికి ఏమిటి? అవి పుట్టిందే వేడిలో కదా! ఇంకో డిగ్రీ పెరిగితే మాత్రం ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతుంటారు. సబబైన ప్రశ్నే. దీనికి జవాబు తెలిస్తే మిగతా కథంతా సులభంగా అర్థమవుతుంది.

చలిదేశపు ప్రాణి ఏడాదిలో గడ్డకట్టే చలినీ, ఓ మోస్తరు ఎండనీ రెండూ చూస్తుంది. వేడిదేశాల సముద్రంలో ఏడాది పొడుగునా నీళ్ళ వేడిలో పెద్ద తేడా ఉండదు. అందుకని అక్కడి ప్రాణులు ఆ కొద్ది తేడాకే అలవాటుపడి, తాము తట్టుకోగల హద్దుకి బాగా దగ్గరలో బతుకుతుంటాయి. పొయ్యిమీద అంచుదాకా పాలు పోసి పెట్టిన గిన్నె లాంటిదన్నమాట. సగం గిన్నెకి మంట కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. నిండు గిన్నె అయితే ఇట్టే పొంగిపోతుంది.

మనలో చాలామంది పిల్లల్ని తీసుకుని కెయిర్న్స్ వెళ్ళి గ్రేట్ బారియర్ రీఫ్ చూసి వచ్చే ఉంటారు. ఆ పగడాల ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు ఉంటుంది. పగడానికి రంగు, ఆహారంలో పెద్ద భాగం ఆ నాచు వల్లే వస్తాయి. మామూలు వేసవిలో ఉండే గరిష్ఠ వేడికంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలపాటు ఉంటే చాలు, పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. వెంటనే చచ్చిపోదు. నీళ్ళు తొందరగా చల్లబడితే కోలుకుంటుంది కూడా. కానీ కోలుకోవడానికి వ్యవధి కావాలి కదా? రీఫ్‌లో పెద్ద ఎత్తున ఇలా జరిగింది 1998లో, మళ్ళీ 2002లో. ఆ తరువాత 2016, 2017, 2020, 2022, 2024, 2025. బాగా దెబ్బతిన్న చోట వేగంగా పెరిగే రకాలు మళ్ళీ నిండడానికే పదేళ్ళ దాకా పడుతుంది. ఇప్పుడు వాటికి దొరుకుతున్నది ఏడాదీ రెండేళ్ళూ.

పగడం కదలలేదు కాబట్టి అలా అయింది, కదలగలిగిన జీవాలు ఇంకో చోటికి పోతాయి కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే. తీరంలో బతికే జీవాలకు కదలడం కొత్త కాదు. ఇసుక జరుగుతుంది, నదీముఖం జరుగుతుంది, వాటితోపాటు చెట్టూ పిట్టా తాబేలూ జరుగుతాయి. వేల ఏళ్ళుగా అంతే. అసలు చిక్కల్లా అవి జరగడానికి చోటు మిగిలిందా లేదా అన్నదే. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఆ చోటు గురించే.

ముందు తాబేలు సంగతి చూద్దాం.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరం పొడుగునా ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలో గహిర్మఠ, ఋషికుల్య దగ్గర లక్షల సంఖ్యలో ఒకేసారి వస్తాయి కాబట్టి వాటికి పేరు ఎక్కువ. మన వైపు విడివిడిగా, ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ లోపు, రాత్రిపూట వస్తాయి. తల్లి తాబేలు ఇసుకలో మూరెడు లోతు గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి వచ్చి చూడదు. పొదిగే పనంతా ఇసుకదే. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటపడతాయి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మనుషుల్లో లాగా తాబేలుకి ఆడా మగా అన్నది పుట్టుకతో వచ్చే క్రోమోజోముల్లో ఉండదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఆ విలువ ప్రోగ్రాములో రాసిపెట్టి ఉండదు, నడిచేటప్పుడు బయటినుంచి తీసుకుంటుంది. గుడ్డు ఇసుకలో ఉన్న కాలాన్ని మూడు భాగాలు చేస్తే, మధ్య భాగంలో ఇసుక ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి అది నిర్ణయమవుతుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర సగం ఆడ, సగం మగ. అంతకంటే చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. రెండు మూడు డిగ్రీలు పైకి పోతే దాదాపు అన్నీ ఆడవే. ఇంకా పెరిగితే గుడ్డులోనే పిల్ల చచ్చిపోతుంది.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన సంగతి అనుకోకండి. గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో రెయిన్ ఐలాండ్ అని ఒక చిన్న ఇసుక దీవి ఉంది. ప్రపంచంలో పచ్చ తాబేళ్ళు అన్నిటికంటే ఎక్కువగా గుడ్లు పెట్టే చోటు అది. ఆ ప్రాంతంలో పుట్టిన తాబేళ్ళను పరీక్షించి 2018లో శాస్త్రజ్ఞులు ఫలితాలు ప్రచురించారు. పెద్ద తాబేళ్ళలో ఆడవి సుమారు 87 శాతం. ఇంకా ఎదగని చిన్నవాటిలో 99 శాతానికి పైగా ఆడవే! అదే రీఫ్ దక్షిణ భాగంలో, ఇసుక కాస్త చల్లగా ఉండే చోట పుట్టినవాటిలో 65 నుంచి 69 శాతం.

ఈ అంకెల్ని ఒక్కసారి నిదానంగా చూడండి. పచ్చ తాబేలు ఈడుకి రావడానికి ముప్ఫై ఏళ్ళో, అంతకు పైనో పడుతుంది. అంటే ఇప్పుడు మనకు కనిపించే పెద్ద తాబేళ్ళు కొన్ని దశాబ్దాల కిందటి ఇసుక వేడికి గుర్తులు, చిన్నవి ఈమధ్య ఇసుక వేడికి గుర్తులు. ఆ రెంటి మధ్య తేడాయే మార్పు ఎంత తొందరగా వచ్చిందో చెబుతోంది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఒక మగ తాబేలు చాలా ఆడవాటితో జతకట్టగలదు. కాబట్టి ఆడవి ఎక్కువైతే మొదట్లో గూళ్ళ సంఖ్య పెరుగుతుంది, తగ్గదు. ఒడ్డున లెక్కపెట్టేవాళ్ళకు అంతా బాగున్నట్టే కనబడుతుంది. ఉన్న మగవి ముసలివై పోయాక, వాటి స్థానంలోకి వచ్చేవి లేవన్న సంగతి అప్పుడు బయటపడుతుంది. జీతం ఆగిపోయినా కొన్నాళ్ళు బ్యాంకు నిల్వతో ఇల్లు గడిచినట్టు.

రెయిన్ ఐలాండ్‌లో ఇంకో బాధ కూడా ఉంది. పోటు సమయంలో గూళ్ళలోకి నీరు చేరి గుడ్లు ఊపిరాడక పాడైపోయేవి. అందుకని అక్కడి మూలవాసులైన వుథాథి, మెరియమ్ ప్రజలతో కలిసి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం యంత్రాలతో ఇసుక తోడి, గూళ్ళు పెట్టే చోటును ఎత్తు చేసింది. దానివల్ల మేలు జరిగింది. మన తీరంలో కూడా అటవీశాఖ వాళ్ళూ, స్వచ్ఛంద కార్యకర్తలూ రాత్రిళ్ళు తిరిగి గుడ్లు ఏరి, కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెట్టి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలో వదులుతున్నారు. అలాంటి చోట పైన చిన్న పందిరి వేసి నీడ కల్పించినా ఇసుక వేడి తగ్గుతుంది.

అన్ని చావులకీ వాతావరణమే కారణం అనుకోవడం కూడా సరికాదు. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరాల్లో వందలాది ఆలివ్ రిడ్లేలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి నీటిపైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. అలా ముందే దెబ్బతిన్న జాతి మీద ఇప్పుడు ఈ వేడి వచ్చి పడింది.

మరి తాబేలు ఏం చెయ్యగలదు? ఇంకాస్త చల్లని నెలల్లో గుడ్లు పెట్టుకోవచ్చు, లేదా చల్లని తీరానికి మారవచ్చు. కోట్ల ఏళ్ళలో అవి ఇలా ఎన్నోసార్లు సర్దుకున్నాయి. కానీ మారడానికి అక్కడ ఇసుక తీరం ఉండాలి. ఉన్నచోట కూడా పోటు నీరు ముందుకొస్తే గూడును కాస్త వెనక్కి పెట్టుకునేంత వెడల్పు ఉండాలి.

చోటు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఎక్కువ దూరం పోనక్కరలేదు. ఆస్ట్రేలియాకీ పాపువా న్యూ గినీకీ మధ్య టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అని నాలుగైదు హెక్టార్ల ఇసుక దిబ్బ ఉంది. సముద్రమట్టానికి మూడు మీటర్లకు మించి ఎత్తు లేదు. దాని మీద మెలోమిస్ అనే ఒక చిన్న ఎలుక జాతి ఉండేది. ప్రపంచంలో మరెక్కడా లేదు. తుపాను అలలు, పోటు నీళ్ళు దిబ్బమీదికి పదేపదే రావడంతో అక్కడి గడ్డీ గాదం ఉప్పుకి మాడిపోయాయి. 2004లో రెండు హెక్టార్లకు పైగా ఉన్న పచ్చదనం 2014 నాటికి నూటికి మూడు వంతులు మాత్రం మిగిలింది. ఆ ఎలుక చివరిసారి కనబడింది 2009లో. 2014లో బోనులు పెట్టి, కెమెరాలు పెట్టి వెతికినా ఒక్కటీ దొరకలేదు. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ జాతి అంతరించినట్టు అధికారికంగా ప్రకటించింది. మనిషి తెచ్చిన వాతావరణ మార్పు కారణంగా పూర్తిగా పోయిన మొదటి క్షీరదంగా దాన్ని లెక్కవేస్తున్నారు. దానికి వెనక్కి జరిగే చోటు లేదు. నాలుగు వైపులా నీళ్ళే.

ఇప్పుడు మన గోదావరి దగ్గరికి వద్దాం. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఉప్పునీటిలో నిలబడి, బురదలోంచి పైకి వేళ్ళు పంపి గాలి పీల్చుకునే చెట్లు అవి. ఆ వేళ్ళ మధ్యనే రొయ్యలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. వాటిని నమ్ముకుని నీటికుక్కలు, చేపలు పట్టి తినే అడవిపిల్లులు, ఎక్కడెక్కడినుంచో వచ్చే కొంగలూ ఉల్లంకులూ బతుకుతాయి. వాటితోపాటు వేల మత్స్యకార కుటుంబాలు కూడా.

మడ అడవి మనుషులకు చేసే ఉపకారం ఇంకొకటి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చిన ఉప్పెన గురించి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. గాలికంటే నీళ్ళే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. 1999లో ఒడిశాలో వచ్చిన పెనుతుపాను తరువాత కేంద్రపడా జిల్లా గ్రామాలను పరిశీలించి, ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట చనిపోయినవారు తక్కువని 2009లో ఒక అధ్యయనం తేల్చింది. అంటే అడవికి చోటు ఉండడమంటే వెనకున్న ఊరికి రక్ష ఉండడమే.

ఈ మడ అడవి నడిచే అడవి అంటే మీరు నమ్మాలి. సముద్రం పైకి వస్తే ముందు వరస చెట్లు మునిగి పోతాయి, విత్తనాలు వెనక్కి కొట్టుకుపోయి అక్కడ కొత్త వరస లేస్తుంది. అయితే దీనికి రెండు కావాలి. ఒకటి, నది తెచ్చే ఒండ్రు. అది ఏటా పొరలుగా పడితే నేల కూడా కొంత ఎత్తు పెరుగుతుంది. రెండు, వెనక ఖాళీ నేల.

ఒండ్రు సంగతి చూస్తే, గోదావరి సముద్రానికి తెచ్చే మట్టి 1970లతో పోలిస్తే 1990లకే సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో ప్రచురించారు. పైనున్న ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతోంది. వెనక నేల సంగతి చూస్తే, చాలాచోట్ల రొయ్యల చెరువుల గట్లు, రోడ్లు, ఇళ్ళు అడ్డం వచ్చాయి. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అంటే జానెడు. కొండ తీరంలో జానెడంటే ఎవరికీ కనబడదు. పళ్ళెం లాగా చదునుగా ఉండే డెల్టాలో జానెడు ఎత్తు పెరిగితే నీరు లోపలికి చాలా దూరం పాకుతుంది. ముందు సముద్రం, వెనక గట్టు, మధ్యన అడవి. అలా నలిగిపోతుంది.

వేడి, నీరు రెండూ ఒకేసారి అదుపు తప్పితే మడ అడవి ఎంత తొందరగా పోతుందో ఆస్ట్రేలియాలోనే చూశాం. ఉత్తరాన కార్పెంటారియా సింధుశాఖ తీరంలో 2015 చివర, 2016 మొదట్లో సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడుగునా 7,400 హెక్టార్ల మడ అడవి కొద్ది నెలల్లో ఎండిపోయింది. అది ఎల్ నినో ఏడాది. వానలు లేవు, ఎండ మండిపోయింది, అక్కడి సముద్రమట్టం తాత్కాలికంగా కిందికి దిగి వేళ్ళకు పోటు నీరు అందలేదు. సముద్రం పెరిగినా కష్టమే, ఆ చెట్లకు అలవాటైన లయ తప్పి తగ్గినా కష్టమే.

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ ఉంది. జాందానీ చీరల ఊరు. అక్కడ సముద్రం ఎన్నో ఏళ్ళుగా ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్ళు పోయాయి, బీచ్ రోడ్డు మళ్ళీ మళ్ళీ తెగింది. నది ఇసుక తగ్గడం, ఒడ్డు వెంట జరిగే ఇసుకకు కట్టడాలు అడ్డుపడడం, తుపానులు, పెరుగుతున్న సముద్రం అన్నీ కలిసి చేసిన పని అది. రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో గోడ కట్టారు, అవీ దెబ్బతిన్నాయి. అక్కడి మత్స్యకారులు గోడ కావాలని అడిగితే తప్పుపట్టే హక్కు మనకు లేదు, ఇల్లు పోతున్నది వాళ్ళది. కానీ గోడకు ఒక గుణం ఉంది. అల దానికి తగిలి తిరిగి పోతూ ముందున్న ఇసుకను లాక్కుపోతుంది. రోడ్డు నిలబడినా ఇసుక తీరం మిగలదు. పడవ లాగి పెట్టుకునే చోటూ అదే, తాబేలు గుడ్లు పెట్టే చోటూ అదే. ఊళ్ళు ఉన్నచోట గోడ తప్పకపోవచ్చు. ఇంకా ఖాళీగా ఉన్న తీరంలో కూడా అదే పరిస్థితి మనం చేజేతులా తెచ్చుకోవాలా?

ఇది మనవరకు వచ్చే ప్రశ్నే. పరదేశంలో ఉన్న మనలాంటివాళ్ళను చూసే భీమిలి వైపు, మరో వైపు సీ వ్యూ ప్లాట్లు, బీచ్ రిసార్టుల్లో వాటాలు అమ్ముతుంటారు. కొనేముందు తీరప్రాంత నియంత్రణ మండలి, అంటే సి.ఆర్.జెడ్. పరిధిలో ఆ స్థలం ఎక్కడ పడుతుందో రాతపూర్వకంగా అడగండి. గ్రామీణ తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్లు నిర్మాణాలు కూడదని 2011 నియమాలు అన్నాయి. 2019 నియమాలు జనసాంద్రత ఎక్కువున్న గ్రామాల్లో దాన్ని 50 మీటర్లకు తగ్గించాయి. చట్టం 50 మీటర్లు చాలన్నా, ఇరవై ముప్ఫై ఏళ్ళు ఉండాల్సిన ఇంటికి సముద్రం అన్నేళ్ళూ అక్కడే ఆగుతుందా అని మనం ఆలోచించుకోవాలి. తీరానికి చోటు వదలడం మన డబ్బుకు కూడా మంచిదే.

రెండో సంగతి. మన సంఘాలు సొంత ఊళ్ళకు విరాళాలు పంపుతుంటాయి. తీరంలో చెట్లు నాటిస్తామంటే చాలాసార్లు సరుగుడు మొక్కలే నాటుతారు. ఇక్కడి ఉత్తర ఆస్ట్రేలియా తీరంలో సహజంగా పెరిగే చెట్టే అది. ఊరికి గాలి అడ్డుగా, వంటచెరుకుగా మంచిదే. అయితే నీటి అంచుదాకా నాటితే వేళ్ళు అల్లుకుని తాబేలు గొయ్యి తవ్వుకోలేదు. వెనక్కి నాటమని చెప్పవచ్చు. మడ అడవుల విషయంలో కూడా మొక్క పాతితే సరిపోదు, పోటు నీరు రావాలి. గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి 1990ల చివరనుంచీ చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, చచ్చిపోయిన చోట్లకు నీరు పారించి మడను మళ్ళీ పెంచారు. ముందు నీటికి దారి, తరువాత మొక్క. అలాంటి పనికి ఇచ్చే రూపాయి వృథా పోదు.

మూడోది మన పిల్లల కోసం. బ్లాక్‌టౌన్ నుంచి సముద్రం దూరమే. కానీ సిడ్నీ ఒలింపిక్ పార్కు పక్కన, పరమట్టా నది దగ్గర, బాదు మాంగ్రోవ్స్ అనే మడ అడవి ఉంది. బాదు అంటే ఇక్కడి ఆదివాసుల మాటలో నీరు. అక్కడి చెట్టు పేరు గ్రే మాంగ్రోవ్. మన కోరింగలో తెల్లమడ అనేది అదే జాతి! ఈ తీరంలో కూడా అదే కథ నడుస్తోంది. మడ లోపలికి జరుగుతోంది, దాని వెనకున్న ఉప్పుగడ్డి నేలలు రోడ్లకూ గోడలకూ మధ్య కుదించుకుపోతున్నాయి. సైబీరియానుంచి వచ్చే పిట్టలు మేసే నేలలవి. ఆ గడ్డినేలల్ని న్యూ సౌత్ వేల్స్‌లో 2004లోనే అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకువెళ్ళి, బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచిన ఆ వేళ్ళు చూపించండి. తాతగారి ఊరి పక్కన కూడా ఇవే ఉంటాయని చెప్పండి. ఏ పుస్తకమూ చెప్పనంత బాగా అర్థమవుతుంది.

చోటు వదిలితే సరిపోతుందా అంటే, సరిపోదు. బొగ్గూ నూనే తగలబెట్టడం తగ్గకపోతే ఇసుక వేడెక్కుతూనే ఉంటుంది, పగడానికి పారిపోయే దారి ఎలాగూ లేదు. ఆ పని దేశాలన్నీ కలిసి చెయ్యాలి, మన ఓటూ మన కరెంటు వాడకమూ అందులో భాగమే. అది ఫలించేదాకా తీరంలోని జీవాలకు గడువు కావాలి. చోటు వదిలితే ఆ గడువు దొరుకుతుంది. తాబేలుకి నాలుగు గజాల ఇసుక, మడ చెట్టుకి వెనక కాస్త బురద. అవి అడిగేది అంతే.

 మీ ఊరి తీరంలో మీరు చూసిన మార్పులేమైనా ఉంటే తప్పకుండా తెలియజేయండి, ఇంకో వారం వాటి గురించి మాట్లాడుకుందాం. ఇక సెలవు. నమస్కారం.